ట్రాలీ మీద నాలుగో మనిషి

ఈ రోజుల్లో జిగురు సీసాలకు మూతలు బిగించేది ఎవరో గాని, వాళ్ళకు మనుషుల మీద నమ్మకం లేదు. తిప్పితే తిరగదు, నొక్కితే కదలదు. పళ్ళతో లాగితే వస్తుంది గాని, మూతతో పాటు జిగురంతా వచ్చేస్తుంది. అలాంటి పనులకు కేటాయించేటన్ని పళ్ళు నా దగ్గర లేవు. అయినా నిన్న సాయంత్రం ఈ ఛత్తీస్‌గఢ్ తోర్వాలో మా ఇంటి భోజనాల బల్ల దగ్గర కూర్చుని అరగంట సేపు ఒక సీసాతో కుస్తీ పట్టాను. మనవరాలి స్కూలు ప్రాజెక్టు మరి. స్కూలు వాళ్ళు పిల్లలకిస్తారు, పిల్లలు మాకిస్తారు. మేం ఇంకెవరికీ ఇవ్వలేం.

చక్రాలున్న బండి పేరేదైనా ఒకటి తీసుకుని, ఆ ఇంగ్లీషు మాట ఎలా పుట్టిందో రాయాలట. రెండు మాటలు కలిసిన పేరయితే మంచిదట.

"నేను వీల్‌బారో తీసుకున్నా అమ్మమ్మా. ఈజీ హై. ఫోన్ మే సబ్ హై," అంది మనవరాలు.

ఫోనులో నిజంగానే అంతా ఉంది. వీలంటే చక్రం. బారో అన్నది మోయడమనే పాత మాటకు చుట్టమట. ముందు దానికి చక్రం ఉండేది కాదట. ఒకడు ముందు, ఒకడు వెనక పట్టుకుని మోసేవారట. తర్వాత ఎవరో తెలివైనవాడు ముందున్న మనిషిని తీసేసి అక్కడ చక్రం పెట్టాడట. అక్కడిదాకా చదివి ఫోను తిరిగిచ్చేశాను.

"పుష్ ట్రాలీ గురించి రాయవే," అన్నాను.

"వో క్యా హై?"

"మా అయ్య తోసిన బండి."

ఫోనులో వెతికింది. ఆసుపత్రి ట్రాలీలొచ్చాయి, బజారులో సామాన్లు వేసుకునే ట్రాలీలొచ్చాయి. మా అయ్య రాలేదు.

"తో ఆప్ బతావో. నువ్వు చెప్పు, నేను రాస్తా," అని పెన్ను పట్టుకుంది. అడిగినవాళ్ళకు చెప్పడం ముసలివాళ్ళకున్న జబ్బు. నేను మొదలుపెట్టాను.

*

నా చిన్నప్పుడు రైలు పట్టాలు బాగున్నాయో లేదో చూడటానికి ఇన్‌స్పెక్టరు గారు ట్రాలీ మీద తిరిగేవారు. ట్రాలీ అంటే నాలుగు ఇనుప చక్రాలు, పైన చెక్క బల్ల, దాని మీద ఒక బెంచీ, బెంచీ మీద గొడుగు, గొడుగు కింద ఇన్‌స్పెక్టరు గారు. ఇంజను లేదు. నలుగురు మనుషులుంటారు. ఇద్దరు వెనక నుంచి తోస్తూ పరుగెత్తుతారు, ఒకడు ఈ పట్టా మీద, ఒకడు ఆ పట్టా మీద. మిగతా ఇద్దరు వెనక అంచున కూర్చుని ఊపిరి తీసుకుంటారు. కాసేపటికి వీళ్ళు దిగి వాళ్ళెక్కుతారు. రైలొస్తుంటే నలుగురూ కలిసి ట్రాలీని ఎత్తి పక్కన పెడతారు. గొడుగు మడిచే బాధ్యత మాత్రం ఇన్‌స్పెక్టరు గారిదే.

పరుగు కంకర మీద కాదు, పట్టా మీదే. బొటనవేలి కంటే ఎక్కువ, అరచేతి కంటే తక్కువ వెడల్పు, ఆ ఇనుము మీద అడుగు ముందు అడుగు. వట్టి కాళ్ళతో. మా అయ్య పాదాలు చూసినవాళ్ళు వాటిని పాదాలని వెంటనే అనుకునేవారు కాదు. అడుగున నల్లగా, గట్టిగా, మధ్యలో పట్టా ఒదిగేటంత పల్లం. వేసవిలో మేం గడప బయట కాలు పెట్టలేకపోయేవాళ్ళం, ఆయన నిప్పులాంటి ఇనుము మీద కోసుల కొద్దీ పరుగెత్తి వచ్చి, "ఏటమ్మీ, ఇయాల ఎండ కొంచెం తగిలినట్టున్నాది," అనేవాడు.

శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబాలు మావి. రెండు గదుల క్వార్టర్లు ఒకే వరసలో ఉండేవి. తెల్లారితే పట్టాల కింది చెక్క స్లీపర్లకు పూసిన తారు వాసన, బొగ్గు పొగ, వాటి కిందనుంచి కాల్చిన ఎండుచేప వాసన. చోడి అంబలిలో ఉల్లిపాయ కొరుక్కుని అయ్య డ్యూటీకి వెళ్ళేవాడు. పక్క క్వార్టరులో మా మామ, అంటే అమ్మ తమ్ముడు. ఆయనా అదే ట్రాలీ మీద పని. కాగితాల్లో ఆ ట్రాలీకి నాలుగో మనిషి. అసలు పని మాత్రం ఇన్‌స్పెక్టరు గారి బంగళాలో. ఆవుకు కుడితి పెట్టాలి, నీళ్ళు తోడాలి, గులాబీలకు గొప్పు తవ్వాలి. అందుచేత ట్రాలీని తోసేది ఎప్పుడూ ముగ్గురే. ఇద్దరు తోస్తుంటే ఒక్కడే కూర్చోగలడు, ఆ కూర్చోవడం కూడా కూర్చున్నట్టుండేది కాదు. వీల్‌బారో కనిపెట్టినవాడు మనిషిని తీసేసి చక్రమైనా పెట్టాడు. మా దగ్గర మనిషిని తీసేసి గులాబీలు పెట్టారు.

ఇది లైనంతా తెలిసిన సంగతే. తెలిసిన సంగతుల గురించి ఎవరూ మాట్లాడరు.

*

మా వరసలో ఇంగ్లీషు కాగితం చదవగలిగిన మనిషిని నేనొక్కదాన్నే. రైల్వే స్కూల్లో ఆరో తరగతి. పాసు ఫారాలు నేనే నింపేదాన్ని, ఆర్డర్లు నేనే చదివేదాన్ని. నేను చదివితే గాని మా అయ్య దేని మీదా సంతకం పెట్టేవాడు కాదు. ఆఫీసులో గుమాస్తా విసుక్కున్నా, "మా గుంట సదువుతాదండి, రేపట్టుకొస్తాను," అని కాగితం మడిచి తలపాగాలో పెట్టుకునేవాడు. ఆ వాక్యం అనడానికే ఆయన కాగితాలు ఇంటికి తెచ్చేవాడని నా అనుమానం.

అధికారం చేతికొస్తే ఏం చేస్తారో నేనూ అదే చేశాను. ఒకసారి క్వార్టర్ల గోడకు నోటీసు అంటించారు. గుమ్మాల ముందు మేకలు కట్టరాదని అందులో ఉంది. చుట్టూ ఆడవాళ్ళు చేరారు. నేను గొంతు సవరించుకుని మేకల సంగతి చదివి, ఆగకుండా, "అలాగే పిల్లల్ని కొట్టరాదు," అని చదివాను.

"ఓలమ్మ, ఇదేటి సోద్యం! కొడితే ఏటి సేస్తారట?" అంది మా అమ్మ.

"క్వార్టరు తీసేస్తారట," అన్నాను నోటీసు వైపు చూస్తూ.

వారం రోజులు మా వరసలో ఒక్క పిల్లాడి ఏడుపూ వినబడలేదు. మేకలను మాత్రం ఎవరూ విప్పలేదు. చదివేవాళ్ళు తక్కువయిన చోట చదువు ఎంత గొప్పదో నాకు అప్పుడే తెలిసింది. ఆ తెలియడం మంచిది కాలేదు.

*

ఆ ఏడు వేసవి సెలవుల ముందు క్లాసులో ఇంగ్లీషు మేడమ్ ఇలాంటి పాఠమే చెప్పారు. రెండు మాటలు కలిసిన బండ్ల పేర్లు చెప్పమన్నారు. ఎద్దుబండికి ఇంగ్లీషులో ఎద్దు పేరు ముందుంటుంది, లాగేది ఎద్దు కాబట్టి. గుర్రబ్బండికీ అంతే. మోటారు కారుకు మోటారు. చేతి బండికి చెయ్యి. బోర్డంతా నిండింది. నేను లేచి, "పుష్ ట్రాలీ," అన్నాను. మేడమ్‌కు ముచ్చటేసింది.

"వెరీ గుడ్. మరి దాన్ని తోసేది ఎవరు?" అన్నారు.

నేను నోరు తెరిచేలోపు ముందు బెంచీలోంచి ఇన్‌స్పెక్టరు గారి అమ్మాయి లేచింది. చెడ్డ పిల్ల కాదు, తెలిసిన జవాబు చెప్పింది. "వీళ్ళ నాన్న తోస్తాడు మేడమ్. మా నాన్న కూర్చుంటారు. వీళ్ళ నాన్నకు బూట్లు కూడా ఉండవు."

క్లాసంతా నవ్వింది. మేడమ్ నవ్వలేదు, డస్టరు తీసుకుని బోర్డు తుడిచారు. నాకు అదే ఎక్కువ అవమానంగా అనిపించింది.

ఆ సాయంత్రం అయ్య అరుగు మీద కూర్చుని కాళ్ళకు ఆముదం రాసుకుంటుంటే అడిగాను. "అన్ని బండ్లకీ లాగీవోళ్ళ పేరెట్టేరు. మన ట్రాలీకి ఎందుకెట్టలేదు?"

ఆయన ఆలోచించాడు. "పేరెట్టింది కూకున్నోడు కదమ్మీ. తోసీవోడికి పేరెట్టడానికి ఊపిరేదీ?"

మరో రోజయితే నవ్వేదాన్ని. "నాకదంతా తెల్దు. నువ్వు బూట్లేసుకో. లేకపోతే నాను ఇస్కూలికెల్లను."

"పట్టా మీద బూట్లేటే, ఎర్రిగుంటా! జారిపోమా?"

"మా స్కూలు కాడ మట్టుకు ఏసుకో. దాటేక తీసీ."

మూడు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు అన్నం మీద కూడా అలిగాను. ఆకలేసింది గాని, ఉద్యమమన్నాక తప్పదు. నాలుగో రోజు ఆయన గోల్ బజార్ వెళ్ళి తెల్ల కాన్వాసు బూట్లు తెచ్చాడు. అరిగిపోతాయని అక్కడినుంచి మెడకు తగిలించుకుని వట్టి కాళ్ళతో నడిచొచ్చాడు. ఎక్కడివని అమ్మ అడిగింది.

"ఆఫీసోళ్ళిచ్చేరు," అని నా వైపు చూసి కన్ను కొట్టాడు.

అదీ మా ఇద్దరి రహస్యం. నేను సుద్దముక్క నానబెట్టి ఆ బూట్లకు ఇంకో పూత తెలుపు పూశాను.

*

స్కూలు కంచె అవతలే లైను. విశ్రాంతి గంటకు క్లాసు పిల్లలందరినీ పోగేసి కంచె దగ్గర నిలబెట్టాను. ఇన్‌స్పెక్టరు గారి అమ్మాయిని చెయ్యి పట్టుకుని మరీ ముందు నిలబెట్టాను. నల్ల గొడుగు దూరం నుంచి కనబడింది. వెనకాల గూడ్సు రావాల్సి ఉంది కాబోలు, ఇన్‌స్పెక్టరు గారు వెనక్కి తిరక్కుండానే "జల్దీ, జల్దీ," అంటున్నారు. తోసేది ఇద్దరు. ఒకడు అంచున కూర్చుని రొప్పుతున్నాడు. మా వైపు పట్టా మీద మా అయ్య, కాళ్ళకు తెల్లటి బూట్లు.

పట్టా మీద పరుగెత్తేవాడు పట్టాను చూడడు. పాదమే చూసుకుంటుంది. ఆ రోజు పాదానికి కళ్ళు కట్టేశాం. ఆయన కాళ్ళ వైపు చూడలేదు, నా వైపు చూశాడు. చూసి నవ్వాడు.

జారాడు. వదిలేస్తే బతికిపోయేవాడే. కాని తోస్తున్నవాళ్ళు ఇద్దరే, పైన దొర, వెనక గూడ్సు. చెయ్యి వదలకూడదన్నది ఆయనకు ఒంట్లోకి ఇంకిన నియమం. వదల్లేదు. ట్రాలీ ఆయన్ని కొంత దూరం ఈడ్చుకుపోయింది. కాలు స్లీపరుకూ కంకరకూ మధ్య ఇరుక్కుని చీలమండ విరిగింది. ఆ చప్పుడు నాకు కంచె దగ్గరికి వినబడిందని ఇప్పటికీ అనిపిస్తుంది. అంత దూరం వినబడదని నాకు తెలుసు.

ఇన్‌స్పెక్టరు గారి అమ్మాయి నా కంటే ముందు ఏడ్చింది.

*

రైల్వే ఆసుపత్రిలో నాలుగో రోజు ఆఫీసు గుమాస్తా కాగితం పట్టుకొచ్చాడు. ప్రమాదం ఎలా జరిగిందో మా అయ్య చెప్పినట్టుగా అందులో రాసి ఉంది. మా అయ్యను మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు. మంచం పక్కన అమ్మ, కాళ్ళ దగ్గర మామ, తలాపున నేను.

"సైన్ కర్ దో," అన్నాడు గుమాస్తా.

"మా గుంట సదవాల బాబూ," అన్నాడు అయ్య. అంత నొప్పిలోనూ ఆ మాటకు ముఖం వెలిగింది.

కాగితం నా చేతికొచ్చింది. రెండు వాక్యాలు నాకు ఇప్పటికీ కంఠస్థం. ఒకటి: ఎవరూ ఇవ్వని బూట్లు సొంతంగా కొనుక్కుని, వద్దన్నా వినకుండా వేసుకోవడం వల్ల జారిపడ్డాను. రెండు: ఆ సమయంలో ట్రాలీకి నలుగురు మనుషులమూ ఉన్నాం.

మొదటి వాక్యం పైకి చదివితే అమ్మ అడుగుతుంది, ఆఫీసువాళ్ళిచ్చారన్నావు కదా, ఎందుకు కొన్నావు, అని. ఎందుకు కొన్నాడో చెప్పాల్సి వస్తుంది.

"పట్టా మీద కాలు జారి పడ్డావని రాసేరు," అన్నాను.

"సర్లే, అది నిజమే. ముగ్గురిమే ఉన్నామని రాసేరా? అది రాయాల అమ్మీ. నలుగురుంటే నాను ఒగ్గీసీవోడిని. ఒగ్గీసినా పట్టుకోడానికి మడిసుండీవోడు."

మామ నేల చూపులు చూస్తున్నాడు. బంగళాలో ఉన్నాననేది బయటపడితే ఆయనకే ముందు మూడుతుంది. నేను కాగితం తిప్పి వెనక వైపు కూడా చూశాను.

గుమాస్తా గడియారం చూసుకున్నాడు. "కుఛ్ గలత్ హై క్యా బేటీ? లావో, మై హిందీ మే పఢ్ దేతా హూఁ, ఏక్ ఏక్ లైన్," అని చెయ్యి చాపాడు.

హిందీలో ఒక్కో లైనూ చదివితే బూట్లతో మొదలుపెడతాడు.

"గలత్ ఏమీ లేదు. ముగ్గురే అని రాసేరయ్యా," అన్నాను, గుమాస్తాకు అంతగా రాని తెలుగులో.

మామ ముఖంలో నెత్తురు చుక్క లేదు. మా అయ్య పెన్ను తీసుకుని, నేనే నేర్పిన అక్షరాలు, ఒక్కొక్కటిగా పెట్టాడు. తలకట్టు దగ్గర ఆగి, "బావున్నాదా?" అని అడిగాడు.

బాగుందన్నాను.

*

నెలన్నరకు ఆర్డరు వచ్చింది. తప్పు ట్రాలీమ్యాన్‌దే, అంటే మా అయ్యదే. పరుగుకు పనికిరాడు కనక ట్రాలీ మీదనుంచి తీసి తేలిక పని ఇస్తున్నారు. ఆ తేలిక పని ఇన్‌స్పెక్టరు గారి బంగళాలో. మామను తిరిగి ట్రాలీ మీదికి పంపించి, కుంటుకుంటూ నీళ్ళు తోడటానికి మా అయ్యను పెట్టారు. మామ ఆ ఏడు వినాయకుడికి పదకొండు కొబ్బరికాయలు కొట్టాడు. ఇన్‌స్పెక్టరు గారికి పై ఉద్యోగం వచ్చింది, వెళ్ళే ముందు గులాబీలు ఎవరికి పడితే వాళ్ళకు పంచిపెట్టారు.

యూనియన్ మనిషి ఒకాయన ఆఫీసులో కాగితం చూసి మా ఇంటికి వచ్చాడు. "ఏటయ్యా నువ్వు? నలుగురిమున్నామని సంతకం ఎట్టేసేవు. బూట్ల మాట కూడా ఒప్పేసుకున్నావు. ఇంక నేనేటి సేయగల్ను?"

మా అయ్య గట్టిగా తలూపాడు. "లేదు బాబూ. మా పిల్ల సదివింది. ముగ్గురనే ఉన్నాది. బూట్ల మాటే లేదు. మా పిల్ల తప్పు సదవదు. ఆఫీసోళ్ళు తరవాత కాయితం మార్చీసేరు."

నేను గుమ్మం చాటున ఉన్నాను. ముందుకొచ్చి ఒక్క మాట అంటే సరిపోయేది. ఏమవుతుందో, ఏమీ కాదో. ఆ మాటకు రేపటిదాకా గడువు ఇచ్చాను.

ఆ గడువు మా అయ్య పోయేదాకా నడిచింది. ఈలోగా ఆయన ఆ సంగతి ఎంతమందికి చెప్పాడో లెక్క లేదు. ఛత్తీస్‌గఢీ పొరుగావిడకు హిందీలో, చుట్టాలకు తెలుగులో, బంగళాకు కొత్తగా వచ్చిన ప్రతి దొరకూ రెండూ కలిపి. "కాయితం మార్చీసేరు." నన్ను కాలేజీకి ఎందుకని బంధువులు అంటే ఆయన జవాబు అదే. "సదువున్నోలు ఇంట్లో లేకపోతే కాయితాలు మార్చీస్తారు. మా గుంట సదువుతాది." బంగళా గేటు తీసి మూసిన చేతులతోనే నన్ను డిగ్రీదాకా నెట్టాడు. నాకు ఇంగ్లీషు సాహిత్యంలో మంచి మార్కులే వచ్చాయి. ఉన్నది ఉన్నట్టు చదవడం గురించి మా ప్రొఫెసర్లు చెప్పినదంతా శ్రద్ధగా నోట్సు రాసుకున్నాను.

చివరి రోజుల్లో ఒకసారి, వంకర తిరిగిన ఆ చీలమండకు నేను నూనె రాస్తుంటే, "అమ్మీ, మూడుని నాలుగు సేయడం ఇంగిలీసులో అంత సులువేటి?" అని అడిగాడు. అనుమానంతో కాదు. తెలుసుకుందామని. చాలా సులువు అయ్యా, అన్నాను. ఆయనతో నేను ఆ విషయంలో చెప్పిన ఒకే ఒక్క నిజం అది.

*

మనవరాలు ఎప్పుడో పెన్ను పక్కన పెట్టేసింది. జిగురు సీసా మూత చుట్టూ గడ్డకట్టిన జిగురును గోటితో గీకుతోంది. అంటించిన వీల్‌బారో బొమ్మ ఒక పక్క లేచి గాలికి కొట్టుకుంటోంది. పుష్ ట్రాలీ అనే మాట ఎలా పుట్టిందో రాసుకోవే, పేరు పెట్టింది కూర్చున్నవాడు, అది మాత్రం రాసుకో చాలు, అన్నాను.

తను నా వైపు చూసింది. పన్నెండేళ్ళ పిల్ల. మనసులో లెక్క సరిచూసుకుంటున్నట్టు కనుబొమలు ముడిచింది.

"అచ్ఛా... అంటే కాయితం మార్చింది ఆఫీసు వాళ్ళు కాదు అమ్మమ్మా," అంది. "నువ్వే."